380 మీటర్లు ఏం చెప్పాయి?

2022 మార్చి 4న లింగంపల్లి - వికారాబాద్ సెక్షన్‌లో, గుల్లగూడ, చిట్గిడ్డ స్టేషన్ల మధ్య రెండు ఇంజన్లను ఒకే ట్రాక్ మీద ఎదురెదురుగా నడిపారు. రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ ఎక్కిన ఇంజన్‌ను, ఎదుటి ఇంజన్ 380 మీటర్ల దూరంలో ఉండగానే, రైళ్లు ఢీకొనకుండా చూసే కవచ్ వ్యవస్థ తనంతట తానే ఆపేసింది. రైల్వే పరిశోధన సంస్థ ఆర్‌డీఎస్‌ఓతో కలిసి దీన్ని రూపొందించిన మేధా, హెచ్‌బీఎల్, కెర్నెక్స్ మూడూ హైదరాబాద్ కంపెనీలే. మేధా అయితే మన నాచారం పారిశ్రామికవాడలోదే. ఈ వైపు వాళ్లకు అది గర్వకారణం, నాకూ అంతే. అయినా కవచ్‌ను నమ్మడానికి ఆ 380 మీటర్లు చాలవు.

కవచ్‌కు పెట్టిన భద్రతా స్థాయి సిల్-4. అంటే ప్రమాదకరమైన లోపం 10 కోట్ల గంటలకు ఒక్కసారి కూడా రాకూడదు. రైళ్లు నడిపి దాన్ని తేల్చాలంటే ఒక్క రైలుకు 11,400 ఏళ్లు పడుతుంది. వెయ్యి రైళ్లను రాత్రింబవళ్లు తిప్పినా 11 ఏళ్లు దాటుతుంది, ఆలోపు ప్రోగ్రామ్‌లో ఒక్క మార్పు జరిగినా లెక్క మళ్లీ మొదటికొస్తుంది. నాసా పరిశోధకులు బట్లర్, ఫినెల్లీ పరీక్షలతో ఇంత భద్రతను తేల్చలేమని 1993లోనే గణితంతో చూపించారు.

ట్రయల్‌కు చిక్కని లోపాలూ ఉంటాయి, చక్రం సంగతే చూడండి. ఇంజన్ ఎంత దూరం వచ్చిందో చక్రం ఎన్నిసార్లు తిరిగిందన్న దాన్నిబట్టి లెక్కగడతారు. డబ్ల్యూఏపీ-7 ఇంజన్ కొత్త చక్రం వ్యాసం 1,092 మిల్లీమీటర్లు, అరిగి అరిగి 1,016కు వచ్చాక మార్చేస్తారు. కొత్త చక్రాలు బిగించి, లెక్కలో పాత 1,016నే ఉంచేశారనుకోండి. కంప్యూటర్ కిలోమీటరు అనుకునే చోటికి ఇంజన్ నిజానికి 75 మీటర్లు ముందుకెళ్లిపోయి ఉంటుంది. ట్రాక్ మీద స్థానం చెప్పే ట్యాగు తగిలినప్పుడు తప్పు సరవుతుంది, కానీ రెండు ట్యాగుల మధ్య? కొలతలన్నీ సరిగ్గా ఎక్కించిన ట్రయల్‌లో ఈ ప్రశ్న పుట్టనే పుట్టదు. వ్యవస్థనంతా ముందే గణిత నమూనాగా రాసుకుని, ప్రతి కొలతనూ తప్పుగా ఇచ్చి చూసినప్పుడే బయటపడుతుంది.

నమూనా కాగితం మీదిది, పట్టాల మీద పనికొస్తుందా అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. 2023 జూన్ 2న ఒడిశాలోని బహనాగా బజార్‌లో కోరమండల్ ఎక్స్‌ప్రెస్‌కు మెయిన్ లైన్‌కు గ్రీన్ పడింది, పాయింట్లు మాత్రం లూప్ లైన్‌కు ఉన్నాయి. 290 మందికి పైగా చనిపోయారు. సిగ్నల్ సర్క్యూట్‌లో మార్పులు చేసినప్పటి లోపాలే కారణమని రైల్వే భద్రతా కమిషనర్ విచారణ తేల్చింది. కవచ్ కూడా సిగ్నల్ సమాచారాన్ని, సిగ్నళ్లను పాయింట్లతో ముడిపెట్టే ఇంటర్‌లాకింగ్ నుంచే తీసుకుంటుంది, అక్కడ వైరు తప్పితే నమూనా ఎంత గట్టిదైనా ఏమీ చేయలేదు. అందుకే వైరు కదిపిన ప్రతిసారీ నమూనాతో పోల్చి మళ్లీ పరీక్షించాలంటున్నాను.

ఇంత పట్టుబడితే ఆలస్యమవుతుంది, ఈలోపు ప్రాణాలు పోతాయన్నది ఇంకా బలమైన అభ్యంతరం. 2023 అక్టోబర్ 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర రెండు ప్యాసింజర్లు ఢీకొన్నప్పుడు ఆ మార్గంలో కవచ్ లేదు. ఆ బాధను కాదనలేను. కానీ 1998లో మొదలైన పారిస్ మెట్రో 14వ లైన్‌లో భద్రతకు కీలకమైన ప్రోగ్రామ్‌ను ముందే గణితంతో రుజువు చేసి రాశారు, దాంతో విడి భాగాల పరీక్షలే అక్కర్లేకపోయాయి. ముందు పెట్టిన శ్రమ వెనక సమయాన్ని మిగిల్చింది. కవచ్ ఎన్ని కిలోమీటర్లు వేశారో రైల్వే ప్రకటిస్తూనే ఉంది. ఏ స్టేషన్‌లో వైరింగ్ ఎప్పుడు మార్చారు, ఆ తర్వాత ఎవరు పరీక్షించి సంతకం పెట్టారు అన్నదీ ఆ లెక్క పక్కనే ప్రకటించాలి, మన చర్లపల్లి స్టేషన్‌తో సహా.