బాట అందరిదీ, పటం కొందరిదా?

అక్టోబరు వచ్చిందంటే అమెరికాలో వాషింగ్టన్ చుట్టుపక్కల ఉద్యోగాలు చేసుకునే మనోళ్లు చాలామంది బ్లూరిడ్జ్ కొండల మీదికి పోతారు. ఆకులు ఎరుపెక్కే కాలమది. షెనాండోవా నేషనల్ పార్కులో స్కైలైన్ డ్రైవ్ అనే రోడ్డు పక్కన నిలబడి ఫొటోలు దిగుతారు. ఆ రోడ్డును అక్కడక్కడ దాటుకుంటూ ఒక కాలిబాట పోతుంటుంది. అదే అపలాచియన్ ట్రయిల్. దక్షిణాన జార్జియాలోని స్ప్రింగర్ కొండ నుంచి ఉత్తరాన మెయిన్ రాష్ట్రంలోని కటాడిన్ కొండ దాకా, 14 రాష్ట్రాల మీదుగా, 3,500 కిలోమీటర్ల పైచిలుకు. మొత్తం నడవాలంటే అయిదారు నెలలు పడుతుంది.

ఈ బాట గురించి రాసేవాళ్లు తరచుగా ఒక మాట అంటారు. కొండకు రంగు తెలియదు, హోదా తెలియదు, కాళ్లుంటే చాలు అని. వినడానికి బాగానే ఉంటుంది. బావికి కులం తెలియదని మనకూ చెప్పినవాళ్లున్నారు. బావికి తెలియదు నిజమే. బావి ఎక్కడ తవ్వాలో, ఎవరి వీధి పక్కన తవ్వాలో నిర్ణయించినవాడికి మాత్రం బాగా తెలుసు. బాట సంగతీ అంతే. కాబట్టి బాటను చూసి ఊరుకోకుండా దాని వెనకాల ఉన్న పటాన్నీ, ప్రణాళికనూ చదవాల్సి ఉంది.

అపలాచియన్ ట్రయిల్‌కు మూలం ఒక వ్యాసం. బెంటన్ మెకాయ్ అనే అటవీ నిపుణుడు 1921 అక్టోబరులో అమెరికన్ ఆర్కిటెక్టుల సంస్థ పత్రికలో దాన్ని రాశాడు. వ్యాసం పేరులోనే ప్రాంతీయ ప్రణాళిక అనే మాట ఉంది. దీన్ని సరదా నడక ప్రతిపాదన అనుకుంటే పొరపాటు. పారిశ్రామిక నగరాల్లో నలిగిపోతున్న జనానికి విశ్రాంతి, ఆరోగ్యం, నేల మీద పని దొరకాలన్నది ఆయన ఆలోచన. బాట వెంబడి రాత్రి మజిలీలు, ఆ తర్వాత సామూహిక శిబిరాలు, పంటలు పండించుకునే శిబిరాలు రావాలన్నాడు. ఇదంతా లాభం కోసం కాకుండా సహకార పద్ధతిలో నడవాలన్నాడు. శ్రమజీవి తీరిక గురించి ఇంత గట్టిగా ఆలోచించిన వ్యాసాన్ని తీసిపారెయ్యలేం. వ్యాసంలోని ఈ భాగాన్ని ఆ తర్వాత వచ్చినవాళ్లే పక్కన పెట్టేశారు. 1937లో బాట పూర్తయ్యేసరికి శిబిరాల ఊసు పోయి నడక మాత్రం మిగిలింది.

అయితే ఆ వ్యాసంలోనే ఒక లోపం ఉంది. మెకాయ్ ఒక రాక్షసాకారుణ్ణి ఊహిస్తాడు. ఆకాశానికి తల తాకేటంత మనిషి కొండల శిఖరాల మీద అడుగులేసుకుంటూ ఉత్తరం నుంచి దక్షిణానికి వస్తాడు. కింద నగరాలు, అడవులు, బొగ్గు, వృథాగా పోతున్న నీళ్లు చూస్తాడు. చివరికి మిచెల్ కొండ మీద కూర్చుని, ఇక్కడ ఏమేం చెయ్యొచ్చో వేళ్ల మీద లెక్కపెడతాడు. వ్యాసం మొత్తానికి బలం ఈ దృశ్యమే. బలహీనత కూడా ఇదే. అంత ఎత్తు నుంచి చూసేవాడికి కొండ వనరుగా కనబడుతుంది. లోయలో పొయ్యి వెలిగించుకునే మనిషి ఆనడు. 1838లో దక్షిణ అపలాచియా నుంచి చెరోకీలను సైన్యంతో తరిమేశారన్న చరిత్ర ఆనదు. అప్పటికే అక్కడ బతుకుతున్నవాళ్లను అడగాలన్న ప్రశ్న ఆ వేళ్ల లెక్కలో లేదు. ప్రణాళిక రాసేవాడు ఎక్కడ నిలబడి రాస్తున్నాడు? మొదట అడగాల్సింది ఇదే.

ఆ చూపు నేల మీదికి దిగితే ఏమవుతుందో షెనాండోవాలో కనబడింది. ఈ పార్కుకు మెకాయ్ బాధ్యుడు కాడు. కొండ శిఖరాల మీద మోటారు రోడ్డు వెయ్యడాన్ని ఆయన వ్యతిరేకించాడు, ఆ తగాదాలోనే బాట నిర్మాణానికి నాయకత్వం వహిస్తున్న మైరన్ ఏవరీకి దూరమయ్యాడు. కానీ పైనుంచి చూసి లెక్కపెట్టే పద్ధతి ఆయన ఒక్కడిది కాదు, ఆ కాలపు ప్రణాళికలన్నిటిదీ. 1926లో అమెరికన్ కాంగ్రెస్ పార్కుకు అనుమతిచ్చింది గానీ భూమి కొనడానికి డబ్బివ్వలేదు. 1928లో వర్జీనియా రాష్ట్రం ఒక చట్టం చేసి ఎనిమిది కౌంటీల్లోని కొండ భూముల్ని మూకుమ్మడిగా స్వాధీనం చేసుకునే అధికారం తెచ్చుకుంది. ఒక్కొక్కడితో బేరం లేదు, ఒక్కొక్కడి వాదన లేదు. రాబర్ట్ వయా అనే భూయజమాని సుప్రీంకోర్టు దాకా పోయి 1935లో ఓడిపోయాడు. అదే ఏడాది డిసెంబరులో పార్కు ఏర్పడింది. దాదాపు 500 కుటుంబాలు కొండ దిగాల్సి వచ్చింది. వాళ్లలో ఎక్కువమంది పేద తెల్లవాళ్లు.

భూమి తీసుకోవడానికి చట్టం ఒక్కటే చాలదు, చదువుకున్నవాడి సాక్ష్యం కూడా కావాలి. 1933లో మాండెల్ షెర్మన్, థామస్ హెన్రీ అనే ఇద్దరు 'హాలో ఫోక్' అనే పుస్తకం వేశారు. ఆ లోయల మనుషులు నాగరికతకు దూరంగా, వెనకబడి ఉన్నారని చూపించిన పుస్తకమది. జనాన్ని కొండ దింపడం వాళ్ల మేలుకే అన్న వాదనకు అది పనికొచ్చింది. ఈ పద్ధతి మనకు కొత్తా? ఎవరి భూమి కావాలో ముందు వాళ్లను మురికివాళ్లుగా, అజ్ఞానులుగా రాయడం మనం చూడందా? పరిశోధకులం కాబట్టి మనకే ఇది ఎక్కువగా గుర్తుండాలి. మనం రాసే సర్వే ఎవరి ఫైలులోకి పోయి కూర్చుంటుందో ఒకసారి ఆలోచించుకోవాలి.

నిజానికి అజ్ఞానులని రాయించుకున్న ఆ మనుషులు ఉత్తరాలు రాశారు. 1934 నుంచి 1938 దాకా పార్కు అధికారులకు రాసిన దాదాపు 300 ఉత్తరాలు మిగిలి ఉన్నాయి. వాటిని కాట్రీనా పావెల్ 2009లో పుస్తకంగా తెచ్చారు. వేసిన పంట కోసుకోనివ్వమని అడిగారు. ఖాళీ అయిన ఇంటి తలుపులు, కిటికీలు తీసుకుపోనివ్వమని అడిగారు. నిన్నటిదాకా తనదైన ఇంటి తలుపు కోసం అర్జీ పెట్టుకోవడమంటే ఏమిటో వెలివాడ నుంచి వచ్చినవాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. పార్కు ఫైళ్లలో ఆ ఉత్తరాలు దశాబ్దాలపాటు ఉన్నాయి, చరిత్రలో మాత్రం 'హాలో ఫోక్' మాటే చెల్లింది. కాగితం దాచి ఉంచడానికీ, జనం చదవగలిగేలా ఉంచడానికీ ఉన్న తేడా ఇదే.

ఇక రంగు సంగతి. షెనాండోవాలో బాట మొదట్లో 'తెల్లవాళ్లకు మాత్రమే' అన్న తలుపేమీ లేదు. వివక్ష ప్రణాళికలోనే ఉంది. స్థానిక ఆచారాన్ని గౌరవించాలన్న పేరుతో తెల్లవాళ్లకూ నల్లవాళ్లకూ వేర్వేరు వసతులు అనుకున్నారు. స్కైలాండ్, బిగ్ మెడోస్ లాంటి పేరున్న చోట్లు తెల్లవాళ్లకు. నల్లవాళ్లకు లూయిస్ మౌంటెన్. 1939లో దాన్ని తెరిచి, దారి పక్కన 'లూయిస్ మౌంటెన్ నీగ్రో ఏరియా' అని బోర్డు పాతారు. ఊరికి ఒక పేరు, వాడకు ఒక పేరు. కొండ మీద కొత్తగా కట్టిన పార్కులో కూడా వాడను వేరుగా గీసుకున్నారు. ఇప్పటికీ ఆ పార్కులోని క్యాంపు స్థలాలన్నిటిలో అదే చిన్నది.

దూరం నడిచేవాడికి ఇది ఎంత పెద్ద విషయమో చూడండి. నెలల తరబడి నడవాలంటే కాళ్లొక్కటే చాలవు. నీళ్లు, పప్పూ ఉప్పూ కొనుక్కునే అంగడి, వర్షమొస్తే తలదాచుకునే చూరు, రాత్రి భయం లేకుండా పడుకునే చోటు కావాలి. వీటిని ఎవరికి ఎక్కడ ఇవ్వాలో ప్రణాళిక నిర్ణయిస్తుంది. బాట అందరిదీ అని చెప్పి, రాత్రి మజిలీ కొందరిదే చేస్తే నడక ఎవరిదవుతుంది? విలియం ట్రెంట్ అనే నల్లజాతి సలహాదారు, ఆంతరంగిక శాఖ మంత్రి హెరాల్డ్ ఇక్స్ ప్రభుత్వం లోపలే ఈ విభజన మీద పోరాడారు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత పార్కుల్లో వేరు వసతులు పోవాలని నియమం వచ్చింది. షెనాండోవాలో అది పూర్తిగా అమలయ్యేసరికి 1950 అయింది.

ఈ నిర్ణయాలన్నీ జరిగిన కాలంలో ప్రణాళికను ముందుగా చూసే హక్కు మామూలు మనిషికి లేదు. సమాచార స్వేచ్ఛా చట్టం 1966లో వచ్చింది. పర్యావరణ విధాన చట్టం మీద 1970 జనవరి 1న సంతకం అయింది. ఆ తర్వాతే ప్రభుత్వం పెద్ద పని తలపెడితే దాని ప్రభావాన్ని ముసాయిదాగా రాసి, జనం ముందు పెట్టి, అభిప్రాయాలు తీసుకుని, వాటికి జవాబు చెప్పే పద్ధతి స్థిరపడింది. అపలాచియన్ ట్రయిల్‌కు 1968లో జాతీయ హోదా వచ్చింది. 1978 సవరణతో సమగ్ర ప్రణాళిక తప్పనిసరైంది, 1981లో ఆ ప్రణాళిక వచ్చింది. ముసాయిదాల్ని ఇంటి నుంచే చదివి అభిప్రాయం పంపే వీలు తర్వాత ఏర్పడింది. ఇది చిన్న విజయం కాదు.

కానీ దీన్ని చూసి మురిసిపోవడానికి రెండు అడ్డంకులున్నాయి. ఒకటి, వందల పేజీల ముసాయిదా చదివి వ్యాఖ్య రాయడానికి తీరిక, భాష, వకీలు కావాలి. అవి ఉన్న నడకసంఘాల గొంతు గట్టిగా వినిపిస్తుంది. రెండు, ఇచ్చిన హక్కును వెనక్కు తీసుకోవచ్చు. ముసాయిదా మీద కనీసం 45 రోజుల గడువు ఇవ్వాలని 1978లో వచ్చిన కేంద్ర నియమాలు చెప్పేవి. 2025లో ఆ నియమాలను మొత్తంగా రద్దు చేశారు. పార్కుల్ని చూసే ఆంతరంగిక శాఖ కూడా అదే ఏడాది తన నియమాల్ని బాగా కుదించుకుంది. మాట చెప్పే అవకాశం చాలా చోట్ల అధికారి విచక్షణకు పోయింది. హక్కుకూ దయకూ మధ్య దూరం ఎంతో మనకు తెలియనిది కాదు.

ఇదంతా పాత కథ, ఇప్పుడు బోర్డులు లేవు గదా అని కొందరు అనొచ్చు. 2016లో రహావా హెయిలే అనే నల్లజాతి రచయిత్రి ఈ బాట మొత్తం ఒంటరిగా నడిచింది. నల్ల రచయితల పుస్తకాలు వీపున మోసుకుపోయి మజిలీల్లో వదిలిపెట్టింది. తర్వాత ఏడాది ఆ నడక గురించి రాసింది. బాట మీదికంటే, సరుకుల కోసం బాట దిగి ఊళ్లోకి పోవాల్సినప్పుడు ఎదురయ్యే భయం ఆ రచనలో ఉంది. బోర్డు పీకేస్తే పటంలోని గీత చెరిగిపోదు. పుస్తకాన్ని మజిలీలో పెట్టడం ఆ పటం మీద ఆమె చేసిన సవరణగా నేను చదువుతున్నాను.

దీంతో మనకేం పని? 1923లో బొంబాయి శాసనమండలి ప్రభుత్వ చెరువులు, బావులు అంటరానివాళ్లకు తెరవాలని తీర్మానించింది. అయినా 1927లో మహద్‌లో అంబేద్కర్ వేలమందితో నడిచి నీళ్లు తాగితే తప్ప అది చెరువు దాకా రాలేదు. కాగితం మీద తెరిచింది నేల మీద మూసి ఉండడం అది. షెనాండోవాలో తిరగబడింది. నేల మీద బాట తెరిచారు, కాగితాన్ని మూసి ఉంచారు. రెండూ కలిసి తెరుచుకుంటే తప్ప సమానత్వం అన్న మాటకు అర్థం లేదు.

నల్లమలలో ఈ ప్రశ్న ఇవాళ బతికే ఉంది. పులుల అభయారణ్యానికి ప్రణాళిక ఉండాలని 2006 సవరణలో వన్యప్రాణి చట్టం చెబుతుంది. గ్రామసభ రాతపూర్వకంగా ఒప్పుకోకుండా చెంచుల్ని కదిలించకూడదని అదే ఏడాది అటవీ హక్కుల చట్టం చెబుతుంది. చదవలేని ప్రణాళికకు ఇచ్చే ఒప్పుకోలు ఎలాంటి ఒప్పుకోలు? సమాచారం స్థానిక భాషలో అందాలని 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షనులోనే ఉంది. అయినా 2020లో పర్యావరణ అనుమతుల నియమాల ముసాయిదాను కేంద్రం ఇంగ్లీషు, హిందీల్లోనే వదిలితే, ఎనిమిదో షెడ్యూలు భాషలన్నిటిలోకీ అనువదించాలని ఢిల్లీ హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. చెంచు పెంటల్లో ఆ తెలుగు కాగితాన్ని కూడా చదివి వినిపించాల్సినవాళ్లున్నారు.

అందుకని కార్యకర్తలకూ విద్యార్థులకూ ఒక మాట. కొండలెక్కండి. కొండ మన సొత్తు కూడా. ఎక్కే ముందు ఆ అడవి ప్రణాళికను అడగండి. ఇవ్వకపోతే దరఖాస్తు పెట్టండి. ఇస్తే తెలుగు చేసి పెంటలో, వాడలో గట్టిగా చదవండి. గైడు పుస్తకం దారి ఎటు పోతుందో చెబుతుంది. ఆ దారి కోసం ఎవరు కదలాలో, రాత్రికి ఎవరు ఎక్కడ పడుకోవాలో ప్రణాళికలో ఉంటుంది. నిర్ణయం అయిపోయాక డెబ్బై ఏళ్లకు ఉత్తరాలు పుస్తకంగా రావడం చరిత్రకు మంచిదే. తలుపు పోగొట్టుకున్నవాడికి మాత్రం ఆ కాగితం ముందే చేతిలో ఉండాల్సింది.