మనవరాలికి చెప్పని విద్య

డానియెల్ హోసే ఓల్డర్ ఇంగ్లీషు నవల ‘షాడోషేపర్’ 2015లో వచ్చింది. టీనేజీ పిల్లల కోసం రాసింది, దయ్యాలూ మాయలూ ఉన్నది కాబట్టి కాలక్షేపం పుస్తకమని పక్కన పెట్టేయొచ్చు. నల్లకుంటలో, తార్నాకలో గదులు తీసుకుని ఉస్మానియాలో చదువుకుంటున్న మన పిల్లలు మాత్రం అలా పక్కన పెట్టొద్దు.

కథ న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో జరుగుతుంది. సియెరా ప్యూర్టోరికో మూలాలున్న నల్లపిల్ల, గోడల మీద బొమ్మలు వేస్తుంది. ఒకరోజు పాత గోడబొమ్మ కంట నీరు కారడం చూస్తుంది. చనిపోయిన పెద్దల ఆత్మలను బొమ్మల్లోకి పిలిచే విద్య తన ఇంట్లోనే ఉందని తర్వాత తెలుసుకుంటుంది. స్నేహితుడు రాబీ తన పూర్వీకులను ఒంటి మీద పచ్చబొట్లుగా పొడిపించుకున్నాడు. వాళ్లలో తైనోలున్నారు, ఆఫ్రికన్లున్నారు. ఆ బొమ్మలు కదులుతాయి. తైనోలంటే 1492లో కొలంబస్‌కు ఎదురైన దీవుల ఆదివాసులే.

ఈ విద్యను కాజేయాలని చూసేవాడు మంత్రగాడేం కాదు. మానవశాస్త్ర ప్రొఫెసర్ విక్. పరిశోధన పేరుతో లోపలికొచ్చి, నేర్చుకుని, చివరికి అంతా తనదే కావాలంటాడు. పనిచేసేది కొలంబియా విశ్వవిద్యాలయంలో. ఆ పేరు ఎవరి మీద పెట్టిందో చెప్పక్కర్లేదు.

ఇక్కడ మనకు హైమన్‌డార్ఫ్ గుర్తుకు రాక మానడు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీమును చంపాక నిజాం ప్రభుత్వం ఆయన్ని గోండుల దగ్గరికి పంపింది. భార్య బెట్టీతో మార్లవాయిలో ఉన్నాడు, తర్వాత ఉస్మానియాలో ప్రొఫెసరయ్యాడు. మనకు భూముల పట్టాలు, గోండీ బడులు రావడంలో ఆయన చెయ్యి ఉంది. బెట్టీ సమాధి మార్లవాయిలోనే ఉంది. అంటే నోట్‌బుక్కు పట్టుకొచ్చిన ప్రతివాడూ విక్ కాడు. అయినా మన తాతలు చెప్పిన మాటల్ని మన పిల్లలు ఇంగ్లీషు పుస్తకంలో వెతుక్కోవలసి రావడం నాకు మింగుడుపడదు.

నవలలో నన్ను ఎక్కువగా పట్టుకున్నది విక్ కాదు, తాత లాజరో. తోబుట్టువు హువాన్‌కు నేర్పిన విద్యను ఆడపిల్లని సియెరాకు చెప్పలేదు. అసలు ఆ శక్తికి మూలం ఆమె అమ్మమ్మే! దొంగ బయటివాడే అయినా తలుపు మూసింది ఇంటివాళ్లు. మన దగ్గర కిక్రి పట్టి పురాణం పాడేది ఎవరు? దేవర ముందు కూర్చునేది ఎవరు? మగవాళ్లే. ఆడవాళ్లకు మిగిలింది ఒంటి మీది రాత. చచ్చినప్పుడు కడియాలు ఇక్కడే ఉండిపోతాయి, పచ్చ మాత్రం వెంట వస్తుందని మా ముసలమ్మలు అంటారు. హాస్టల్‌కు రాగానే ఆ చేతినే చున్నీ కింద దాచుకునే పిల్లలున్నారు. తన నలుపునూ జుట్టునూ వెక్కిరించే రోసా పిన్నికి సియెరా ఎదురు తిరిగే పేజీలు వాళ్ల చేత చదివించాలి.

లోపాలు లేకపోలేదు. తరాల గాయం కొద్ది రోజుల్లో కొట్లాటతో తీరిపోతుంది. విక్‌ను ఓడిస్తే చాలన్నట్టుంటుంది, అతన్ని తయారుచేసిన చదువు జోలికి కథ గట్టిగా పోదు. ఆ లైబ్రరీలోనే సియెరాకు సాయపడే నిడియా ఉంది గానీ, ఆమెను ఇంకాస్త చూపించాల్సింది.

మన రచయితలు గమనించాల్సింది ఒకటుంది. ఓల్డర్ స్పానిష్ మాటలను వాలు అక్షరాల్లో పెట్టలేదు. మనమేమో మన కథల్లో ‘పేన్’ అని రాసి, వెంటనే పక్కన బ్రాకెట్లో ‘దేవుడు’ అని రాస్తాం.