ఏ మందు, ఎన్ని గంటలకు?

పోలీసు స్టేషన్ నుంచో, వినియోగదారుల కమిషన్ నుంచో అభిప్రాయం కోరుతూ వచ్చే లేఖలో ప్రశ్నలు చాలావరకు రెండే ఉంటాయి. ఈ ఇంజెక్షన్ వల్లే మనిషి చనిపోయాడా? డాక్టరు నిర్లక్ష్యం ఉందా? ఫార్మకాలజీ పాఠాలు చెప్పుకుని బతికే నాలాంటివాడు మొదటిదానికి జవాబు వెతకగలడు. రెండోది తేల్చాల్సింది న్యాయస్థానం. ఈ రెండింటికీ మధ్య, లేఖ రాసినవాళ్ళు అడగని ప్రశ్న ఒకటి మిగిలిపోతుంది. ఆ పూట, ఆ రోగికి, అంత మోతాదులో ఆ మందు ఇవ్వడానికి కారణం ఉందా? నా పనంతా దాని చుట్టూనే.

కేసుషీటు చేతికొస్తే నేను మొదట డాక్టరు రాసిన పేజీల జోలికి పోను. నర్సింగ్ చార్టు తీస్తాను. డాక్టరు రాసింది ఇవ్వమన్న మందు, నర్సు రాసింది ఇచ్చిన మందు. పక్కనే గంట, నిమిషం, పొట్టి సంతకం. ఆ తర్వాత బీపీ చార్టు, క్రియాటినిన్ రిపోర్టులు, చివర్న మందుల షాపు బిల్లు. బిల్లును చిన్నచూపు చూడకూడదు. రెండు వయల్స్ కొన్న రోజున నాలుగు ఎక్కించినట్టు చార్టులో ఉంటే, ఆ తేడాకు ఎవరో ఒకరు సంజాయిషీ చెప్పాలి. వీటన్నిటినీ ఒక తెల్లకాగితం మీద గంటల వరసలో రాసుకుంటాను. చాలాసార్లు వాదన అంతా అక్కడే తేలిపోతుంది.

యాంటీబయాటిక్ ఇంజెక్షన్ పడిన కాసేపటికే ప్రాణం పోయిన కేసులు చూడండి. టెస్ట్ డోసు వెయ్యలేదని బంధువుల ఫిర్యాదు. వేశాం, ఏమీ కాలేదని ఆసుపత్రి జవాబు. లాయర్లు నెలల తరబడి దానిమీదే కుస్తీ పడతారు. నిజానికి చర్మంలోకి చుక్క మందు ఎక్కించి చూసే ఆ పరీక్ష చాలా మందుల విషయంలో నమ్మదగ్గది కాదు. అందులో ఏమీ కనిపించకపోయినా అనాఫిలాక్సిస్ అనే ప్రాణాంతక అలర్జీ రియాక్షన్ రావచ్చు. నేను వెతికేది అడ్రినలిన్‌ను. పెద్దవాళ్ళకు అర మిల్లీగ్రాము, తొడ కండరంలో, లక్షణాలు కనబడ్డ వెంటనే పడాలి. చార్టులో ముందు ఎవిల్, తర్వాత హైడ్రోకార్టిసోన్, సెలైన్, ఆక్సిజన్, పెద్దాసుపత్రికి ఫోను, ఆఖర్న అడ్రినలిన్ అని ఉంటే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. రియాక్షన్ రావడం డాక్టరు తప్పు కాకపోవచ్చు. వచ్చాక గడిచిపోయిన నిమిషాల సంగతి వేరు.

మందుల శాస్త్రం మన దేశంలో కోర్టు మెట్లెక్కిన కేసుల్లో అనురాధా సాహాది నేను విద్యార్థులకు తప్పకుండా చెబుతాను. అమెరికాలో ఉంటున్న ఆమె 1998లో కలకత్తా వచ్చినప్పుడు ఒంటిమీద దద్దుర్లు లేచాయి. అక్కడి పేరున్న వైద్యుడొకరు డెపోమెడ్రాల్ 80 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు, మూడు రోజులు వెయ్యమని రాశారు. మందు మిథైల్‌ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్. చిక్కంతా దాన్ని ఏ రూపంలో ఇచ్చారన్న దగ్గరే ఉంది. సోడియం సక్సినేట్ రూపంలో నరానికి ఎక్కిస్తే ఆ మందు త్వరగా పనిచేసి త్వరగా వెళ్ళిపోతుంది. డెపోమెడ్రాల్‌లో ఉండే అసిటేట్ రూపం అలా కాదు. నీళ్ళలో సరిగా కరగదు కాబట్టి కండరంలో నిలవుండి, రోజుల తరబడి కొద్దికొద్దిగా రక్తంలోకి దిగుతుంది. అందుకే ఒక ఇంజెక్షన్‌కూ మరో ఇంజెక్షన్‌కూ మధ్య వారమో, ఇంకా ఎక్కువో ఆగమని తయారీదారుల కాగితమే చెబుతుంది. వారాల లెక్కన వెయ్యాల్సింది పూటల లెక్కన పడింది. జబ్బు ముదిరింది. టాక్సిక్ ఎపిడెర్మల్ నెక్రోలిసిస్ అని బయటపడింది, చర్మం ఊడిపోయింది. విమానంలో ముంబై తరలించినా మే 28న ఆమె చనిపోయారు.

ఎదుటిపక్షం వాదనలోనూ పస ఉంది. ఆ జబ్బు తనంతట తానే మనిషిని చంపగలదు. అందులో స్టెరాయిడ్లు వాడవచ్చా లేదా అన్నదానిమీద చర్మవ్యాధుల నిపుణులే ఒక మాట మీద లేరు. కాబట్టి ఈ ఇంజెక్షనే చంపిందని ఏ ఫార్మకాలజిస్టూ ఒట్టేసి చెప్పలేడు. నిలవుండే మందును రోజుకు రెండుసార్లు వెయ్యడం దాని నడతకే విరుద్ధమనీ, ఒంట్లో పేరుకున్నకొద్దీ ఇన్‌ఫెక్షన్‌ను ఎదుర్కొనే శక్తి తగ్గుతుందనీ చెప్పగలడు. ఈ మాటకు అవతలివాళ్ళ దగ్గర జవాబు ఉండాలి. 2009లో సుప్రీంకోర్టు క్రిమినల్ నేరం నిలవదంటూనే, నిర్లక్ష్యానికి నష్టపరిహారం చెల్లించాల్సిందేనంది. 2013లో ఆ మొత్తాన్ని సుమారు ఆరు కోట్ల రూపాయలుగా తేల్చింది, వడ్డీ అదనం. పదిహేనేళ్ళు పోరాడిన భర్త కునాల్ సాహా స్వయంగా డాక్టరు. ఆ కాగితాలు చదవడం రాని ఇంట్లో ఇదే జరిగుంటే కేసు ఎంతదూరం వెళ్ళేదో చెప్పనక్కర్లేదు.

అదే 2009లో, ఫిబ్రవరిలో, మార్టిన్ డిసౌజా కేసు తీర్పు వచ్చింది. ఈసారి మందు అమికాసిన్. మూత్రపిండాలు బాగున్నవాళ్ళలో రెండు మూడు గంటల్లో సగానికి పడిపోయే మందు, అవి పాడైనవాళ్ళలో రోజు దాటినా సగం కాకపోవచ్చు. చెవికి చేటు చేస్తుందని ప్రతి పాఠ్యపుస్తకంలోనూ ఉంటుంది. డయాలిసిస్ మీదున్న రోగికి దాన్ని ఇచ్చారు, తనకు చెవుడు వచ్చిందని ఆయన కేసు వేశారు. పైకి చూస్తే డాక్టరుకు శిక్ష ఖాయం అనిపిస్తుంది. కానీ ల్యాబ్ రిపోర్టు ప్రకారం ఆ క్రిమి లొంగేది రెండు మందులకే. రెండోది పాడైన మూత్రపిండాలకు పనికిరాదు. ఇన్‌ఫెక్షన్‌ను వదిలేస్తే ప్రాణానికే ముప్పు. కోర్టు డాక్టరు పక్షాన తీర్పిచ్చింది. ఆ తర్వాత వేరే ఆసుపత్రిలో చేరినప్పుడు రోగి వినికిడి గురించి ఫిర్యాదు చెయ్యలేదన్న రికార్డు కూడా తోడైంది. హాని చేసే మందని తెలిసీ ఇవ్వడమే సరైన వైద్యమయ్యే రోజులుంటాయి. దీన్ని చెప్పడం నిపుణుడికి డెపోమెడ్రాల్ గురించి చెప్పడం కంటే కష్టం, ఎందుకంటే ఎదురుగా చెవులు వినపడని మనిషి కూర్చుని ఉంటాడు.

క్రాస్ ఎగ్జామినేషన్‌లో మాకు తప్పనిసరిగా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. “ప్రొఫెసర్‌గారూ, మీరు ఆఖరిసారి పేషెంటుకు ఇంజెక్షన్ వేసి ఎన్నేళ్ళయింది?” ఎగతాళిగా అడిగినా, న్యాయమైన ప్రశ్నే. అర్ధరాత్రి ఐసీయూలో నిర్ణయం ఎలా తీసుకుంటారో చెప్పే అర్హత నాకు లేదు, దానికి ఆ విభాగం వైద్యుణ్ణే పిలవాలి. నాకున్న సౌకర్యమల్లా, నాకు పేషెంట్లను పంపే డాక్టరుగానీ, నేను పంపే ఆసుపత్రిగానీ లేకపోవడం. ఊళ్ళో ప్రాక్టీసున్న వైద్యుడు సాటి వైద్యుడి మీద రాయాల్సి వచ్చినప్పుడు ఎందుకు తటపటాయిస్తాడో నాకు తెలుసు. 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు, డాక్టరుపై చర్యకు దిగే ముందు ప్రభుత్వ సర్వీసులో ఉన్న వైద్యుడి అభిప్రాయం తీసుకుంటే మేలని చెప్పడం వెనక ఈ ఇబ్బంది కూడా ఉందనుకుంటాను.

అసలు నిపుణుడే అక్కర్లేని కేసులూ ఉంటాయి. హైదరాబాద్‌కు చెందిన వి. కిషన్‌రావు మలేరియా శాఖలో ఉద్యోగి. 2002లో ఆయన భార్య జ్వరంతో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరితే టైఫాయిడ్ వైద్యం చేశారు. వచ్చింది మలేరియా, ఆమె దక్కలేదు. మలేరియా శాఖవాడి ఇంట్లోనే ఇలా జరగడం ఎంత చేదో ఊహించుకోండి. నిపుణుడి సాక్ష్యం లేదంటూ రాష్ట్ర కమిషన్, జాతీయ కమిషన్ రెండూ ఆయన కేసు కొట్టేశాయి. 2010లో సుప్రీంకోర్టు ఆ తీర్పులను పక్కనపెట్టి, జిల్లా ఫోరం ఇచ్చిన రెండు లక్షల పరిహారాన్ని నిలబెట్టింది. ప్రతి కేసుకూ నిపుణుణ్ణి తెమ్మంటే సామాన్యుడికి వినియోగదారుల చట్టం ఉన్నా లేనట్టేనన్నది దాని సారాంశం. నా వృత్తికి గిరాకీ తగ్గినా సరే, నేను దాంతో ఏకీభవిస్తాను.

రోగి తరఫువాళ్ళు నా దగ్గరికి తరచు డిశ్చార్జి సమ్మరీ ఒక్కటే పట్టుకుని వస్తారు. అందులో మందుల పేర్లుంటాయి, వేళలుండవు. వైద్య మండలి 2002 నిబంధనల ప్రకారం, రోగిగానీ ఆయన తరఫున అధికారమున్నవాళ్ళుగానీ అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. నర్సింగ్ చార్టుతో సహా కేసుషీటు మొత్తం కావాలని రాతపూర్వకంగా అడగండి. దరఖాస్తు నకలు మీద తేదీ, అందినట్టు సంతకం తీసుకోవడం మర్చిపోకండి.