విప్పి చూసుకోగలిగే ల్యాప్‌టాప్

ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ ముగిసి సీట్లు ఖాయమయ్యాయంటే మా దెందులూరులో సాయంత్రం పూట రెండే మాటలు వినిపిస్తాయి. పిల్లను హాస్టల్లో వేయాలా, రోజూ పంపాలా అన్నది ఒకటి. ల్యాప్‌టాప్ ఏది కొనాలన్నది రెండోది. మొదటిదాన్ని రైలు వేళలు, బస్సు పాసు, ఇంటి పరిస్థితి చూసుకుని ఎవరికివారే తేల్చుకుంటారు. రెండోదాని దగ్గరకొచ్చేసరికి ఏలూరు వెళ్లి, కొట్లో కుర్రాడు చూపించినవాటిలో కంటికి ఇంపుగా ఉన్నదాన్ని పట్టుకొచ్చేస్తారు. ఒక పంట మిగులంతా పోసి కొనే వస్తువును ఇంత తేలిగ్గా ఎంచుకోవడం చూస్తే నాకు మనసు ఊరుకోదు. అందుకే ఈ వారం ఈ సంగతి.

చాలామంది తల్లిదండ్రులకు తెలియని విషయం ఒకటుంది. కాకినాడ జేఎన్‌టీయూ బీటెక్ సిలబస్‌లో మొదటి ఏడాది ‘ఐటీ వర్క్‌షాప్’ అనే ల్యాబ్ ఉంది. అందులో విద్యార్థి కంప్యూటర్‌ను విప్పాలి, భాగాలు గుర్తుపట్టాలి, మళ్లీ బిగించాలి. విండోస్ ఎక్కించాలి. ఆ పక్కనే లైనక్స్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ కూడా ఎక్కించి, ఏది కావాలంటే అది తెరుచుకునేలా అమర్చాలి. ఏళ్లుగా ఉన్న పాఠమే. ల్యాబ్‌లో పదిమంది ఒక కంప్యూటర్ చుట్టూ నిలబడితే, ముందున్న ఇద్దరి చేతులే దాని మీద పడతాయి. మిగతావాళ్లు రికార్డు రాసుకుని బయటపడతారు. పోనీ ఇంటికొచ్చి సొంతదాని మీద చేసుకుందామంటే ఇంట్లో ఒప్పుకోం. ‘విప్పావంటే వారంటీ పోద్ది’ అని కసురుతాం. పాఠం చెయ్యమన్న పనే మనం వద్దంటున్నాం.

లైనక్స్ మీద చదువుకోబోయే విద్యార్థికి ల్యాప్‌టాప్ కొనేటప్పుడు నేను మొదట చూసేది దాని అడుగుభాగాన్ని. మరలు తీస్తే పలక ఊడివస్తుందా, లోపల ర్యామ్‌కు స్లాట్లున్నాయా, బ్యాటరీ మార్చుకోవచ్చా, డిస్క్ తీసి ఇంకోటి పెట్టుకోవచ్చా. ప్రాసెసర్ పేరు, తెర మెరుపు ఆ తర్వాతే. ఈ రోజుల్లో సన్నగా నాజూగ్గా వచ్చే కొత్తవాటిలో చాలావాటికి ర్యామ్‌ను మదర్‌బోర్డుకే అతికించి పంపుతున్నారు. 8 జీబీతో కొన్నారంటే నాలుగేళ్లూ 8 జీబీయే. రెండో ఏడాదిలో ఆండ్రాయిడ్ స్టూడియో తెరిచి ఎమ్యులేటర్ నడపాలంటే 16 జీబీ కావాలి. అప్పుడు పిల్ల ఏడుపు మొహం పెట్టుకుని కూర్చుంటుంది, తండ్రి ఇంకో ల్యాప్‌టాప్‌కు డబ్బు వెతుక్కుంటాడు.

మా వీధిలో చేపల చెరువు చేసే ఒకాయన కూతురికి తాడేపల్లిగూడెంలో సీటొచ్చింది, కంప్యూటర్ సైన్స్. కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు.

“మాస్టారూ, అరవై వేలల్లో కొత్తది చూశామండి. మీరేమో పాతది కొనమంటున్నారంట. అమ్మాయి చిన్నబుచ్చుకుంటాదేమోనండి.”

అమ్మాయి మధ్యలోనే అందుకుంది. “పాతదైతే నాకేం పర్లేదు నాన్నా. మాస్టారూ, అందులో ర్యామ్ పెంచుకోవచ్చాండీ?”

ఆ ప్రశ్న అడిగిన పిల్లకు ఏం కొనాలో చెప్పడం తేలిక. థింక్‌ప్యాడ్ టీ480 వెతకమన్నాను. 2018లో వచ్చిన మోడల్. కంపెనీలు తమ ఉద్యోగుల కోసం కొని, కొన్నేళ్లు వాడి, వరసపెట్టి అమ్మేసిన వాటిలో ఇదొకటి. ర్యామ్‌కు రెండు స్లాట్లు. బ్యాటరీలు కూడా రెండు: ఒకటి లోపల, ఒకటి వెనకవైపు. లోపలిది నిలబెట్టి ఉంచుతుంది కాబట్టి, ల్యాప్‌టాప్ ఆపకుండానే వెనకది లాగేసి ఇంకోటి తగిలించుకోవచ్చు. ప్యాసింజర్ రైల్లో రోజూ వెళ్లొచ్చే పిల్లకు, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని ఊరికి ఇంతకన్నా ఏం కావాలి? డెల్ ల్యాటిట్యూడ్ 5490, హెచ్‌పీ ఎలైట్‌బుక్ 840 జీ5 కూడా ఇదే ఈడువి, రెండేసి ర్యామ్ స్లాట్లున్నవి. ఒకే పేరులా కనిపించే టీ480ఎస్ మాత్రం వేరు, అందులో కొంత ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది. కొట్లో ఆ చివరి అక్షరం చూసుకోవాలి.

ఇవి ఎక్కువగా ఎనిమిదో తరం ఇంటెల్ ప్రాసెసర్లతో వచ్చినవి. ఆ తరం దగ్గరే ఎందుకు ఆగమంటున్నానంటే కారణముంది. ఏడో తరం వరకు ఈ రకం ల్యాప్‌టాప్‌లలో ఐ5 ప్రాసెసర్‌కు రెండే కోర్లు. ఎనిమిదో తరంతో నాలుగయ్యాయి. పైగా విండోస్ 11 అధికారికంగా ఒప్పుకునేది దాదాపుగా ఎనిమిదో తరం నుంచే. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మద్దతు ఆగిపోయాక, అంతకన్నా పాతవాటిని ‘పనికిరావు’ అని పక్కన పడేస్తున్నారు. లైనక్స్‌కు ఆ పట్టింపు లేదు. ఇంట్లో అన్నయ్య వాడి వదిలేసిన ఆరో తరం, ఏడో తరం ల్యాప్‌టాప్ ఉంటే ముందు దాన్ని బయటకు తీయండి. హార్డ్‌డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ పెట్టి, ర్యామ్ 8 జీబీకి పెంచి లైనక్స్ మింట్ ఎక్కిస్తే సీ ప్రోగ్రామింగ్‌కు, పైథాన్‌కు, డేటా స్ట్రక్చర్స్ ల్యాబ్‌కు అది ధారాళంగా సరిపోతుంది.

లైనక్స్ పుట్టిందే ఒక విద్యార్థి తన కంప్యూటర్‌ను తనకు కావలసినట్టు మలుచుకోబోవడం వల్ల. హెల్సింకి విశ్వవిద్యాలయంలో చదువుతున్న లీనస్ టోర్వాల్డ్స్ 1991 జనవరిలో 386 కంప్యూటర్ ఒకటి కొనుక్కున్నాడు. అందులో తనకు నచ్చిన వ్యవస్థ నడవాలని రాసుకోవడం మొదలుపెట్టి, ఆ ఆగస్టు 25న నలుగురికీ చెప్పాడు. అప్పటికతనికి 21 ఏళ్లు. మన బీటెక్ ఆఖరి సంవత్సరం పిల్లల వయసు. ‘లైనక్స్ అంటే పెద్ద పెద్ద కంపెనీలకండీ, మా వాడికెందుకు’ అనేవాళ్లకు నేనీ సంగతి చెబుతాను.

ఇక కొట్లో ఏం చెయ్యాలో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే డబ్బు పోయేదీ మిగిలేదీ అక్కడే. వెళ్లేముందే ఒక పెన్‌డ్రైవ్‌లో మింట్ వేసుకెళ్లాలి. దాన్ని గుచ్చి ఆన్ చేస్తే, లోపలి డిస్క్‌ను ముట్టుకోకుండానే లైనక్స్ తెరుచుకుంటుంది. వైఫై కనిపిస్తోందా, ఫోన్ హాట్‌స్పాట్‌కు కలుస్తోందా చూడాలి. ఇంటెల్ వైఫై కార్డు అయితే బెంగ లేదు. బ్రాడ్‌కామ్, కొన్ని రియల్‌టెక్ కార్డులు విసిగిస్తాయి. ఒక పాట పెట్టి స్పీకర్లు వినాలి, కెమెరా తెరవాలి, ప్రతి కీ నొక్కి చూడాలి. మూత మూసి, కాసేపాగి తెరిస్తే లేస్తోందో లేదో తప్పకుండా చూడాలి. లైనక్స్‌లో తేడాలు ఎక్కువగా బయటపడేది నిద్రలేచేటప్పుడే. బ్యాటరీ కొత్తలో ఎంత పట్టేదో ఇప్పుడెంత పడుతోందో, డిస్క్ ఎన్ని గంటలు నడిచిందో అదే అంకెల్లో చూపిస్తుంది. అమ్మేవాడి మాట కన్నా ఆ అంకెలు నమ్మదగ్గవి.

ఇంకొకటి ఉంది, దీన్ని ఎవరూ చూడరు. కంపెనీల నుంచి వచ్చిన ల్యాప్‌టాప్‌లలో కొన్నింటికి బయోస్ పాస్‌వర్డ్ అలాగే ఉండిపోతుంది. థింక్‌ప్యాడ్‌లో సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ పడి ఉంటే దాన్ని తీయడం మామూలు మెకానిక్ వల్ల కాదు. ఆన్ చేసేటప్పుడు ఎఫ్1 నొక్కి బయోస్‌లోకి వెళ్లి, పాస్‌వర్డ్ అడగలేదని చూసుకున్నాకే డబ్బు తియ్యండి. బిల్లు తప్పనిసరిగా అడగండి.

కొత్తదే కొనాలనుకుంటే కొనుక్కోండి, తప్పేమీ లేదు. స్లాట్లున్నది చూడండి. గేముల కోసం పెట్టే ఎన్‌విడియా కార్డు అక్కర్లేకపోతే మానేయండి. లైనక్స్‌లో దాని డ్రైవర్ విడిగా వేసుకోవాలి, బ్యాటరీ కూడా తొందరగా తాగేస్తుంది. కొత్త ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో ఇన్‌స్టాల్ చేయబోతే డిస్కే కనిపించడం లేదని కంగారుపడతారు. చాలాసార్లు కారణం బయోస్‌లో స్టోరేజీ రెయిడ్ పద్ధతిలో ఉండటమే. దాన్ని ఏహెచ్‌సీఐకి మార్చాలి. విండోస్ కూడా ఉంచుకునేటట్టయితే, మార్చేముందే బిట్‌లాకర్ సంగతి, బ్యాకప్ సంగతి చూసుకోవాలి.

విండోస్‌ను పూర్తిగా చెరిపేయమని నేనెవరికీ చెప్పను. సివిల్, మెకానికల్ పిల్లలకు ఆటోక్యాడ్, సాలిడ్‌వర్క్స్ కావాలి, అవి లైనక్స్ మీద నడవవు. ప్లేస్‌మెంట్ పరీక్షల్లో కెమెరాతో కాపలా కాసే కొన్ని సాఫ్ట్‌వేర్లు విండోస్‌నే అడుగుతాయి. ఒక మూల వంద జీబీ దానికి వదిలేసి మిగతాది లైనక్స్‌కు ఇచ్చుకోవడం మేలు. అందులోనూ హోమ్ భాగాన్ని వేరుగా పెట్టుకుంటే, రేపు వ్యవస్థ చెడినా నోట్సు, ప్రోగ్రాములు భద్రంగా ఉంటాయి.

చేపల చెరువు ఆయన కూతురు టీ480నే తెచ్చుకుంది. స్క్రూడ్రైవర్ ఆ అమ్మాయి చేతికే ఇచ్చాను. ముందు వెనక బ్యాటరీ తీయించాను, లోపలి బ్యాటరీని బయోస్‌లో ఆపించాను, ఆ తర్వాతే పలక విప్పనిచ్చాను. రెండో స్లాట్‌లో ర్యామ్ పెట్టి, రెండు వైపులా క్లిప్పులు ‘టక్’మని పడేదాకా నొక్కింది. తండ్రి పక్కనే ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డాడు. కొల్లేరు గాలికి మా వైపు కనెక్షన్లకు చెమ్మ పట్టి చిలుము చేరుతుంది. పాత ర్యామ్ తీసి దాని బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది ఎలా తుడవాలో చూపించాను. ‘ల్యాప్‌టాప్ ఆన్ అవుతోంది గానీ తెర నల్లగా ఉందండీ’ అంటూ నా దగ్గరకు వచ్చేవాటిలో చాలా భాగం ఆ ఒక్క రబ్బరుతో బాగయ్యేవే.

తర్వాత మలుచుకోవడం. టీఎల్‌పీ అనే చిన్న సాఫ్ట్‌వేర్ వేసి, చార్జింగ్ 80 శాతం దగ్గర ఆగేటట్టు పెట్టాం. ఇంట్లో ఎప్పుడూ ప్లగ్గుకే ఉండే ల్యాప్‌టాప్‌కు దీనివల్ల బ్యాటరీ ఎక్కువ కాలం మన్నుతుంది. థింక్‌ప్యాడ్‌లకు లైనక్స్‌లోనూ ఈ వీలుంది. బయోస్, థండర్‌బోల్ట్ ఫర్మ్‌వేర్‌లను కూడా లైనక్స్ నుంచే ఎఫ్‌డబ్ల్యూయూపీడీ అనే సాఫ్ట్‌వేర్‌తో తాజా చేశాం. టీ480లో పాత థండర్‌బోల్ట్ ఫర్మ్‌వేర్‌ను అలాగే వదిలేస్తే టైప్-సీ పోర్టు చెడే ప్రమాదముంది కాబట్టి ఇది మానకూడదు.

తెలుగు సంగతి చివర్లో చెబుతున్నానని చిన్నదనుకోకండి. కీబోర్డు మార్చుకునే ఐబస్‌లో ఎం17ఎన్ చేరిస్తే ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, పోతన, ఆపిల్ కీబోర్డు అమరికలు డబ్బివ్వకుండానే వస్తాయి. ఆర్‌టీఎస్ అంటే అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయంలో చదువుకున్న తెలుగువాళ్లు తయారుచేసిన పద్ధతి. ఇంగ్లిష్ కీలతోనే తెలుగు రాసేయవచ్చు. మండలి, రామభద్ర, గిడుగు ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. కావాలంటే మెనూలన్నీ తెలుగులోకి మార్చుకోవచ్చు. ఈ పనికి మనవాళ్లే కూర్చున్నారు. 2005లో మొదలైన ‘స్వేచ్ఛ’ సంస్థ డెబియన్ ఆధారంగా తెలుగులో ఒక ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసింది, ఇంజనీరింగ్ కాలేజీల్లో విద్యార్థి బృందాలను కూడగట్టింది. బొంబాయి ఐఐటీ వాళ్ల స్పోకెన్ ట్యుటోరియల్స్‌లో లైనక్స్ పాఠాలు తెలుగులోనే ఉన్నాయి. తెలుగు మీడియంలో చదివి మొదటి ఏడాది ఇంగ్లిష్‌కు బెదిరే పిల్లలకు నేను ముందు చూపించేది వాటినే.

2008లో నూజివీడు ట్రిపుల్ ఐటీ వచ్చి, పదో తరగతి పాసైన పల్లెటూరి పిల్లల చేతిలో ల్యాప్‌టాప్ పెట్టాక, ఈ వస్తువు మా వైపు ఇళ్లలో మామూలైంది. చేతిలోకి రావడం అప్పుడే జరిగింది. దాని లోపలేముందో తెలియడం మాత్రం ఇంకా కొద్దిమందికే.

ఈసారి ఏలూరు వెళ్లేటప్పుడు పెన్‌డ్రైవ్ ఒకటి జేబులో వేసుకెళ్లండి. పిల్లను వెంట తీసుకెళ్లండి. బేరం మీరాడండి, ల్యాప్‌టాప్‌ను తనను చూడనివ్వండి. ఇంటికొచ్చాక మొదటి మర కూడా తనచేతే విప్పించండి.