కోడలు చెప్పిన వంశకథ

తద్దినం నాడు మన ఇళ్ళల్లో మూడు తరాల పేర్లు చెబుతారు. కానీ అమ్మమ్మ వాళ్ళ అమ్మమ్మ పేరేమిటని ఎవరైనా అడిగితే నీళ్ళు నములుతాం. గోత్రం ఉందిగా, చాల్లే అనుకుంటాం. మరి గోత్రమూ, పొలం కాగితమూ ఏదీ లేనివాళ్ళు తమ పెద్దల్ని ఎక్కడ వెతుక్కోవాలి?

అమెరికా నల్లజాతి రచయిత అలెక్స్ హేలీ ఈ ప్రశ్న పట్టుకునే 1976లో ‘రూట్స్’ రాశాడు. సహవాసి గారు దాన్ని ‘ఏడు తరాలు’గా తెలుగు చేశారు. చిన్నప్పుడు హేలీకి వాళ్ళ అమ్మమ్మ వసారాలో కూర్చుని, ఆఫ్రికా నుంచి ఎత్తుకొచ్చి బానిసగా అమ్మేసిన పూర్వీకుడి కథ చెప్పేది. ఆయన వదిలిపోయిన ఆస్తల్లా నాలుగు మాటలు. వాయిద్యాన్ని ‘కో’ అనేవాడట, నదిని ‘కాంబీ బొలాంగో’ అనేవాడట. ఆ మాటల వెంట హేలీ గాంబియా దాకా వెళ్ళాడు. తర్వాత పరిశోధకులు ఆ వంశవృక్షాన్ని శంకించారు. వేరొకరి నవలలోని భాగాలు తన పుస్తకంలో చేరాయని 1978లో హేలీయే ఒప్పుకోవలసి వచ్చింది. అది చిన్న తప్పేం కాదు. అయినా అమ్మమ్మ మాటను సాక్ష్యంగా నిలబెట్టిన ఘనత ఆ పుస్తకానిదే.

దానికి తోబుట్టువు లాంటి నవల మన తెలుగులోనూ ఉంది: జి. కళ్యాణరావు గారి ‘అంటరాని వసంతం’ (2000). ఇక్కడ కథను గుర్తుచేసుకునేది రూతు. ఆవిడ ఆ ఇంటి ఆడపడుచు కూడా కాదు, కోడలు! భర్త రూబేను తాత ఎల్లన్న పాట కట్టేవాడు, వేషం కట్టేవాడు, వీధి నాటకం ఆడేవాడు. అంటరాని కులంలో పుట్టడంతో ఆ కళ ఏ గ్రంథానికీ ఎక్కలేదు. పుట్టింటి ముచ్చట్లు పక్కనబెట్టి మెట్టినింటి జ్ఞాపకాలు మోయడం మనకు తెలిసిన పనే. రూతు అలా మోసింది గనకే ఎల్లన్న మిగిలాడు.

కరువు రోజుల్లో ఎల్లన్న కొడుకు శివయ్య, భార్య శశిరేఖతో బకింగ్‌హాం కాలువ పనికి పోతాడు. ఆకలితో వెళ్ళినచోట కూడా అంటు ముందే కాచుకుని ఉంటుంది. నవల మొత్తంలో నన్ను నిద్రపోనివ్వని ఘట్టం అదే. తర్వాతి తరాలకు వచ్చేసరికి కథ పరుగెత్తుతుంది, మనుషులకంటే ఉద్యమం ఎక్కువ మాట్లాడుతుంది. ఎల్లన్న, సుభద్రల దగ్గరున్న వెచ్చదనం అక్కడ తగ్గిందని చెప్పక తప్పదు.

మా నెల్లూరు తీరాన ఆ కాలువ ఇప్పటికీ ఉంది. మద్రాసు గవర్నరుగా చేసిన బకింగ్‌హాం ప్రభువు పేరు దానికి నిలిచింది. తవ్వినవాళ్ళ పేర్లు ఏవీ?

ఈసారి అమ్మమ్మ దగ్గర కూర్చున్నప్పుడు మన పెద్దల పేర్లతో పాటు, మన పొలం దున్నినవాళ్ళ పేర్లు కూడా అడగండి. ఆవిడకు ఒక్కటైనా గుర్తుంటే రాసిపెట్టండి.