కొండెక్కిన గేర్‌బాక్స్

కొన్ని మాటలు ఎప్పుడు పుట్టాయో తెలియదు గానీ వారానికోసారి చెవిన పడకుండా ఉండవు. ఆటోమేటిక్ బండి ఊళ్ళో తిరగడానికి సరే, వెనకాల లోడు కడితే మాత్రం గేర్‌బాక్స్ గోవిందా అన్నది అలాంటి మాట. మన దగ్గర ఎవరేమనుకున్నా పెద్ద నష్టం లేదు. ఇక్కడ వెనకాల లోడు కట్టే కార్లే తక్కువ. ఈ వారం నన్ను చిరాకుపెట్టింది మాత్రం ఆ మాటను తీసుకెళ్ళి అమెరికా డీజిల్ పికప్‌లకు అంటగట్టడం. ఈ శీర్షికను ఓపికగా చదివేవాళ్ళకు నేను ఎవరి పక్షమో తెలుసు. స్పానర్‌కు అందని భాగమేదైనా నాకు అనుమానమే. పవర్ విండోల మీద, తాళంచెవి లేని స్టార్టర్ల మీద, ఆయిల్ కొలిచే పుల్ల తీసేసిన ఇంజిన్ల మీద ఇక్కడ జరిగిన రభస వాళ్ళింకా మరిచిపోయి ఉండరు. ఆ లెక్కన క్లచ్ పెడల్ తరఫున వకాల్తా పుచ్చుకోవాల్సినవాణ్ణి నేనే. చిక్కల్లా సాక్ష్యాలతోనే వస్తోంది.

అక్కడ పెద్ద డీజిల్ పికప్ కొనేవాళ్ళలో చాలామంది చూపు తొట్టిలో పట్టే సరుకు కంటే వెనక తగిలించే ట్రెయిలర్ మీదే ఉంటుంది. గుర్రాల ట్రెయిలర్, పడవ, గడ్డి మోపులు, నలుగురు కాపురముండే కారవాన్, పొక్లెయినర్ ఎక్కించిన బల్లబండి. టెక్సాస్‌లో ఉన్న మన పాఠకులకు ఇది రోడ్డు మీద రోజూ కనబడేదే. ఈ కథలో అసలు మలుపు 1989. ఆ ఏడాది డాడ్జ్ తన పికప్‌లో కమిన్స్ 5.9 లీటర్ల డీజిల్ ఇంజిన్ పెట్టింది. పొలం యంత్రాల్లో, లారీల్లో పనిచేసిన జాతి అది. హార్స్‌పవర్ 160 మాత్రమే. కానీ టార్క్, మన డ్రైవర్లు లాగుడు అంటారే అది, 542 న్యూటన్ మీటర్లు. ఇంత లాగుడున్న ఇంజిన్ వెనక ఆటోమేటిక్ కావాలన్నవాళ్ళకు ఇచ్చిందేమిటంటే, 1962 నుంచి పెట్రోలు బళ్ళలో నడుస్తున్న మూడు గేర్ల టార్క్‌ఫ్లైట్. తర్వాత దానికే ఓవర్‌డ్రైవ్ గేరు చేర్చారు, జారకుండా బిగించే లాకప్ క్లచ్ చేర్చారు, పేర్లు మార్చారు. కుదురు మాత్రం 2007 దాకా అదే. ఇంజిన్ చెక్కుచెదరకుండా ఉండగానే గేర్‌బాక్స్ షెడ్డుకెక్కడం అప్పట్లో మామూలైపోయింది. చెడ్డపేరు పుట్టింది అక్కడే. పుట్టినప్పుడది నిజమే.

ఎందుకు పోయేవో చూస్తే తప్ప తర్వాతి సంగతి బోధపడదు. పళ్ళు విరిగి పోయిన గేర్‌బాక్సులు తక్కువ. వేడికి పోయినవే ఎక్కువ. ఆటోమేటిక్‌లో ఇంజిన్‌కూ గేర్లకూ మధ్య టార్క్ కన్వర్టర్ ఉంటుంది. ఇంజిన్ వైపు రెక్కలు ఆయిల్‌ను చిమ్మితే, ఆ తాకిడికి గేర్ల వైపు రెక్కలు తిరుగుతాయి. రెండూ ఒకే వేగంతో తిరగవు. ఆ తేడా వల్లే, బండి కదిలే క్షణంలో లాగుడు దాదాపు రెట్టింపవుతుంది. బరువైన ట్రెయిలర్ కుదుపు లేకుండా కదలడం దాని చలవే. అయితే ఆ తేడాకు మూల్యం వేడి. ఇంజిన్ 200 కిలోవాట్లు ఇస్తుంటే, కన్వర్టర్ అందులో 85 శాతమే గేర్లకు అందిస్తోందనుకుందాం. మిగిలిన 30 కిలోవాట్లు పోయేది ఆయిల్‌లోకే. బాత్‌రూంలో ఉండే 2 కిలోవాట్ల గీజర్లు పదిహేను తెచ్చి, పది పదిహేను లీటర్ల ఆయిల్‌లో ముంచి ఒకేసారి స్విచ్ వేసినట్టు లెక్క. కూలర్ ఆ వేడిని లాగేయగలిగినంత సేపు ఫరవాలేదు. లాగలేని నాడు ఎర్రటి ఆయిల్ గోధుమరంగుకు తిరుగుతుంది, మాడు వాసన వేస్తుంది. రబ్బరు సీళ్ళు గట్టిపడి పీడనాన్ని నిలపలేవు. పీడనం తగ్గితే లోపలి క్లచ్ ప్లేట్లు జారతాయి. వాటి ముఖాన అతికించి ఉండేది కాగితం లాంటి పీచు. జారితే కాలుతుంది, కాలితే ఇంకా జారుతుంది. ఆయిల్ 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటే చాలాకాలం మన్నుతుందనీ, అది దాటాక ప్రతి పదకొండు డిగ్రీలకూ ఆయుష్షు సగమవుతుందనీ షెడ్డుల్లో ఒక మోటు లెక్క ఉంది. మోటుదే అయినా దారి చూపుతుంది. పాత డాడ్జ్‌లకు ఇంకో తద్దినం కూడా ఉండేది. కొండెక్కి వచ్చాక పార్క్‌లో పెట్టి ఇంజిన్ తిప్పితే కన్వర్టర్‌లోకి ఆయిల్ తిరిగేది కాదు. చల్లార్చాలంటే న్యూట్రల్‌లో పెట్టి, చక్రాలకు అడ్డం వేసి ఆపాలి. ఇది తెలియక బండి చల్లబడుతోందనుకుని పార్క్‌లో పెట్టి టీ తాగినవాళ్ళెందరో.

ఆటోమేటిక్ మీద నమ్మకం లేనిది కొనేవాళ్ళకే కాదు, తయారుచేసినవాళ్ళకూ లేదు. 2001లో డాడ్జ్ అదే కమిన్స్ ఇంజిన్‌ను రెండు రకాలుగా అమ్మింది. ఆరు గేర్ల మాన్యువల్‌తో తీసుకుంటే 245 హార్స్‌పవర్, 685 న్యూటన్ మీటర్లు. ఆటోమేటిక్‌తో అయితే 235, 624. ఇంజిన్‌లో సత్తా లేక కాదు, వెనకున్న పెట్టె తట్టుకోదని ఇంధనం తగ్గించి ఇచ్చారు. సరిగ్గా అదే ఏడాది జనరల్ మోటార్స్ ఎదురుదారి పట్టింది. ఇసుజుతో కలిసి చేసిన డ్యూరామాక్స్ డీజిల్‌కు, లారీలకు ఆటోమేటిక్‌లు చేసే అల్లిసన్ వారి 1000 రకం గేర్‌బాక్స్ జతచేసింది. అల్లిసన్ 1000లో మన్నిక ఇనుము మందంలో మాత్రమే లేదు. గేరు మారే ఆ రెప్పపాటు సేపు ఇంధనం తగ్గించమని గేర్‌బాక్స్ కంప్యూటరే ఇంజిన్ కంప్యూటర్‌ను అడుగుతుంది, ఇంజిన్ మాట వింటుంది. లోడు మీద ఉన్నప్పుడు నొక్కే మీట ఒకటి పెట్టారు. అది నొక్కితే గేర్లు ఆలస్యంగా మారతాయి, దిగుడులో కింది గేరు పట్టి బ్రేకుల భారం తగ్గిస్తాయి. క్లచ్ జారుతున్నట్టు వేగం కొలిచే సెన్సర్లు పసిగడితే, ప్లేట్లు కాలకముందే అది గేర్లు మార్చడం మానేసి మొండికేస్తుంది. ఇంజిన్‌కు చిప్ పెట్టించి పవర్ పెంచుకున్న కుర్రాళ్ళు అల్లిసన్‌ను తిట్టుకున్నది ఎక్కువగా ఈ మొండితనానికే. అది మాత్రం పాడైపోకుండా తనను తాను కాపాడుకుంటోంది. స్పానర్ భక్తులకు మింగుడుపడని సంగతి ఇదే. గేర్‌బాక్స్ ఆయుష్షు పెంచినవాటిలో స్పానర్‌కు అందని భాగాలే ముందున్నాయి.

ఆపైన కథ తలకిందులైంది. ఆ డాడ్జ్ పికప్‌కు వారసురాలైన 2018 ర్యామ్ 3500లో మాన్యువల్ తీసుకుంటే కమిన్స్ లాగుడు 895 న్యూటన్ మీటర్లు. జపాను ఐసిన్ ఆటోమేటిక్‌తో అదే 1261. ఆటోమేటిక్‌కు పెట్టిన శిక్ష పదిహేడేళ్ళ తర్వాత మాన్యువల్‌కు పడింది. ఆ మరుసటి మోడల్ నుంచి క్లచ్ పెడలే తీసేశారు. ఇది అమెరికా పోకడ అని కొట్టిపారేసేవాళ్ళు మన రోడ్ల మీది హైలక్స్‌ను చూడొచ్చు. 2022లో ఇక్కడ విడుదలైన ఆ టొయోటా పికప్‌లో అదే 2.8 లీటర్ల డీజిల్ మాన్యువల్‌తో 420 న్యూటన్ మీటర్లు ఇస్తే, ఆటోమేటిక్‌తో 500 ఇస్తుంది. ఏ పెట్టెకు ఎంత బరువు అప్పగించవచ్చో కంపెనీ ఇంజనీర్ల కంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. వాళ్ళ ఓటు ఎటు పడిందో ఈ అంకెలే చెబుతున్నాయి.

దీనికి గట్టి ఆక్షేపణ ఒకటుంది. కన్వర్టర్ ఆటోమేటిక్ అంత మన్నేదైతే, ఖండం అడ్డంగా తిరిగే పెద్ద లారీలు దాన్నెందుకు పెట్టుకోవు? వాటిలో ఉండే వోల్వో ఐ షిఫ్ట్ వంటివి లోపల మాన్యువల్ గేర్‌బాక్సులే, క్లచ్‌నూ గేర్లనూ యంత్రం తొక్కి మారుస్తుందంతే. నిజమే. కానీ ఆ లారీ పొద్దున ఒకసారి కదిలితే గంటల తరబడి ఒకే వేగంతో పోతుంది. కదిలేటప్పుడు పడే బాధ కంటే లీటరుకు వచ్చే కిలోమీటర్లే దానికి ముఖ్యం. వీధికి పదిసార్లు ఆగే చెత్త లారీలను, ఫైరింజన్లను చూడండి. అక్కడ అల్లిసన్ ఆటోమేటిక్‌లదే రాజ్యం. ట్రెయిలర్ కట్టిన పికప్ బతుకు ఈ రెండోదానికే దగ్గర. పడవను నీటి ఒడ్డు నుంచి పైకి లాగాలి, ఎత్తు మీద ట్రెయిలర్‌ను వెనక్కి తోయాలి, ఇరుకు దారిలో అంగుళం అంగుళం జరగాలి. ఆ పనుల్లో హాఫ్ క్లచ్ మీద నిలబడ్డ మాన్యువల్ ప్లేటు సంగతేమవుతుందో ఘాట్ రోడ్డు ఎక్కిన ఎవరికైనా వాసనతోనే తెలుస్తుంది. కాలిన ఆ ప్లేటును తక్కువ ఖర్చులో మార్చుకోవచ్చు కదా అంటారా? అది న్యాయమైన మాట. మాన్యువల్ త్వరగా అరిగినా చవగ్గా బాగవుతుంది. ఆటోమేటిక్ ఎక్కువ కాలం మన్నినా, పోయిన రోజున పర్సు ఖాళీ చేస్తుంది. మన్నికకూ మరమ్మతు ఖర్చుకూ ముడిపెట్టి మాట్లాడుకోవడం వల్లే ఈ తగవు ఏళ్ళ తరబడి తెగడం లేదు.

అంతమాత్రాన బ్రోచర్‌లో రాసిన లోడు అంకె చూసి మురిసిపోనక్కర్లేదు. ఫోర్డ్ 2023లో తన పెద్ద పికప్ 18 టన్నులకు పైగా లాగుతుందని ప్రకటించింది. ఇంజిన్ లాగుడు 1627 న్యూటన్ మీటర్లు, వెనక పది గేర్ల ఆటోమేటిక్. ఇలాంటి అంకెలకు ఇప్పుడు జె2807 అనే ఉమ్మడి పరీక్ష ఉంది. అరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గర మొదలయ్యే 18 కిలోమీటర్ల ఎత్తుదారిని, 38 డిగ్రీల ఎండలో, ఏసీ పూర్తిగా పెట్టి, నిర్ణీత వేగం తగ్గకుండా ఎక్కాలి. నూటికి పన్నెండు ఎత్తు వాలు మీద ముందుకు ఐదుసార్లు, వెనక్కి ఐదుసార్లు బండిని కదిలించి చూపాలి. అంతకుముందు ఎవరికి తోచిన అంకె వాళ్ళు వేసుకునేవారు కాబట్టి ఇది మంచి పరీక్షే. అయితే ఇందులో తేలేది ఆ బరువును ఆ రోజు ఆ బండి లాగగలదా అన్నది. ఆ బరువే రోజూ లాగితే గేర్‌బాక్స్ ఎన్నేళ్ళుంటుందన్నది ఈ పరీక్ష చెప్పదు. దానికి జవాబు కావాలంటే వారంటీ కాగితం చదవాలి. ఫోర్డ్ ఈ పికప్‌ల డీజిల్ ఇంజిన్‌కు ఐదేళ్ళు లేదా లక్ష మైళ్ళు ఇస్తే, గేర్‌బాక్స్‌కు ఇచ్చింది ఐదేళ్ళు లేదా 60 వేల మైళ్ళు. ప్రకటనలో ఇంజిన్, గేర్‌బాక్స్ సరిజోడు. కాగితం దగ్గరికొచ్చేసరికి ఒకటి లక్ష, ఒకటి అరవై వేలు.

కంప్యూటర్ కాపలాకూ హద్దుంది. జనరల్ మోటార్స్ 2024లో దాదాపు 4.6 లక్షల డీజిల్ పికప్‌లను, ఎస్‌యూవీలను వెనక్కి పిలిచింది. పది గేర్ల పెట్టెలో ఒక కంట్రోల్ వాల్వు అరిగి, పీడనం తగ్గి, అరుదుగా వెనక చక్రాలు క్షణంపాటు బిగుసుకుపోయే ప్రమాదం ఉందన్నారు. చేసిన చికిత్స వాల్వు మార్చడం కాదు, కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించడం. అరుగుదల ముదిరితే, చక్రాలు బిగుసుకునే దశకు 16 వేల కిలోమీటర్ల ముందే అది పసిగట్టి హెచ్చరిస్తుందట. రోగం పోలేదు, కాపలా పెరిగింది. నా పాత అనుమానం ఇక్కడ కాస్త ఊపిరి పీల్చుకుంటుంది గానీ తీర్పు మార్చదు. పాత టార్క్‌ఫ్లైట్‌లో ఆ కాపలా కూడా లేదు. అది కొండెక్కాకే సంగతి తెలిసేది.

కాబట్టి లోడు కోసం డీజిల్ పికప్ కొనేవాళ్ళు ఆటోమేటిక్‌కు భయపడి పాత మాన్యువల్ కోసం ఊళ్ళు తిరగనక్కర్లేదు. కంపెనీ ఇచ్చిన పవర్‌కు చిప్పులు జోడించకుండా ఉంటే, ఈనాటి ఆటోమేటిక్ అంతే బరువుకు మాన్యువల్ కంటే ఎక్కువ ఓర్చుకుంటుంది. పాత బండి కొంటుంటే మాత్రం ఎన్ని మైళ్ళు తిరిగిందన్న ప్రశ్నతో ఆగొద్దు. దాని వెనక ఏం కట్టారు, ఏ దారుల్లో లాగారు, గేర్‌బాక్స్ ఆయిల్ ఎప్పుడు మార్చారు, ఇంజిన్‌కు ఎప్పుడైనా పవర్ పెంచారా అని అడగండి. ఆయిల్ పుల్ల ఉంటే తీసి వాసన చూడండి. సొంత బండికైతే లోడు రోజున గేర్‌బాక్స్ ఆయిల్ ఉష్ణోగ్రత చూపే మీటరును స్క్రీన్ మీద కనబడేలా పెట్టుకోండి, అది పైకి పాకుతుంటే కింది గేరులో వేగం తగ్గించి వెళ్ళండి. కంపెనీ పుస్తకంలో లోడు లాగే బళ్ళకు ఆయిల్ మార్చే గడువు విడిగా, తక్కువగా రాసి ఉంటుంది. మామూలు గడువు చదివి ఊరుకోకుండా ఆ రెండో వరుస చదవండి.