పక్కన పెట్టిన 53 మంది

పక్షవాతం అనగానే ధమని పూడుకుపోవడమో, చిట్లడమో గుర్తొస్తుంది. మెదడులోంచి రక్తాన్ని గుండెకు తిరిగి తెచ్చే సిరల్లో గడ్డ కట్టడం వల్ల వచ్చే స్ట్రోక్ కూడా ఒకటుంది. చాలా అరుదు. ఎక్కువగా వయసులో ఉన్నవాళ్లకే వస్తుంది. తలనొప్పితోనో, ఫిట్స్‌తోనో బయటపడుతుంది. ఏటా పది లక్షల మందిలో ముగ్గురికో నలుగురికో వస్తుందని చాలాకాలం అనుకున్నారు.

ఆమ్‌స్టర్‌డామ్ వైద్యులు 2012లో ‘స్ట్రోక్’ పత్రికలో వేసిన ఒక చిన్న పేపరు ఆ అంచనాను తలకిందులు చేసింది. ఫలితం సరే, నన్ను కట్టిపడేసింది అందులోని పనితనం. నార్త్ హాలండ్, ఫ్లెవోలాండ్ రాష్ట్రాల్లోని 19 ఆస్పత్రులు, 2008 నుంచి 2010 దాకా మూడేళ్లు. డాక్టర్ల జ్ఞాపకాన్ని నమ్ముకోకుండా బిల్లుల కోసం వేసే కోడ్‌లు పట్టుకున్నారు. ఈ జబ్బు ఏ కోడ్ కింద నమోదై ఉండొచ్చో అవన్నీ లాగితే తేలిన కేసులు 9,270. జల్లించగా జల్లించగా అసలు జబ్బున్నవాళ్లు 147 మంది మిగిలారు.

అక్కడితో ఆపేస్తే రేటు లక్షకు 2 దాటేది, పేపరుకు ఇంకాస్త మెరుపూ వచ్చేది. కానీ ఆ 147 మందిలో 53 మంది ఆ రెండు రాష్ట్రాల వాళ్లు కారు. వాళ్లను తీసేశారు. హారంలో లేని మనిషి లవంలో ఉండకూడదు కదా! మిగిలింది 94 మంది: పెద్దవాళ్లలో ఏటా లక్షకు 1.32. 31–50 ఏళ్ల ఆడవాళ్లలో 2.78. నాలుగేళ్ల తర్వాత ఆస్ట్రేలియాలోని అడిలైడ్ వాళ్లకూ పది లక్షలకు 15.7 వచ్చింది. జబ్బు పెరిగిందనేకంటే, స్కానింగ్ వచ్చాక కంటపడుతోందనడమే నాకు సబబుగా తోస్తుంది.

హైదరాబాద్ నిమ్స్ వైద్యులు అదే 2012లో 428 మంది వివరాలు ప్రచురించారు. ఎక్కడెక్కడి నుంచో రోగులు వచ్చే ఆస్పత్రి కాబట్టి దానికి హారం దొరకదు. అది రేటు చెప్పదు. కానీ ఎవరికి వస్తోందో చెబుతుంది. సగటు వయసు 31. మగవాళ్లు 53.7 శాతం. 2004 నాటి అంతర్జాతీయ అధ్యయనంలోని 624 మందిలో ముప్పాతిక వంతు ఆడవాళ్లే! నిమ్స్ జాబితాలో రక్తహీనత 18.4 శాతం, రక్తంలో హోమోసిస్టీన్ అనే అమైనో ఆమ్లం పెరగడం 18.2, మద్యం 15.6. గర్భనిరోధక మాత్రలు 11.4, బాలింతతనం 9.8. బాలింతల జబ్బుగా పేరుపడ్డదానికి ఇది కొత్త ముఖమే. అయితే మగవాళ్ల వాటా ఎక్కువన్నంత మాత్రాన వాళ్లలో రేటు ఎక్కువని కాదు. ఆడవాళ్లు మాత్రలు తక్కువ వాడినా, ఆస్పత్రి దాకా రాలేకపోయినా వాటా అలాగే మారుతుంది.

మనకూ బిల్లుల కోడ్‌లున్నాయి, ఆరోగ్యశ్రీ క్లెయిముల్లో. చేతిడబ్బు పెట్టుకుని ప్రైవేటులో చూపించుకున్నవాళ్లు మాత్రం వాటిలో దొరకరు.